చుక్క ముడతపడితే దించెయ్యండి

స్టవ్ మీద గిన్నెలో మల్బరీ పళ్ళు, చక్కెర, నిమ్మరసం కలిపి పెట్టాను. మీరు లేవగానే మంట వెలిగించి, అడుగంటకుండా కలుపుతూ ఉండండి. ఫ్రిజ్‌లో చిన్న స్టీలు పళ్ళెం ఉంది. పావుగంట అయ్యాక మంట తగ్గించి, ఆ చల్లటి పళ్ళెం మీద ఒక చుక్క జాం వేసి వేలితో తొయ్యండి. ముడతపడితే వెంటనే దించెయ్యండి. వేడి మీద జాం పల్చగానే కనిపిస్తుంది. "ఇంకా పాకం రాలేదోయ్" అంటూ పోయినేడులా గంటసేపు మరిగించకండి. అప్పుడు జాం గట్టిపడిపోయి గరిటె కూడా అందులోనే ఉండిపోయింది. రుచి చూడటం ఒక్కసారే.

నేను ఆస్పత్రికి వెళ్తున్నాను. మధ్యాహ్నానికి అత్తయ్యని ఇంటికి తీసుకొస్తాను. నాలుగు రోజులుగా ఏం పెట్టినా వద్దన్న మనిషి, నిన్న తనంతట తానే "మన చెట్టు పళ్ళ జాం చేశావా అమ్మాయ్?" అని అడిగారు. చెట్టుకి ఇక ఒక్క కాయ కూడా లేదు. ఉన్నవన్నీ ఆ గిన్నెలోనే ఉన్నాయి.

కడిగిన సీసాలు కిటికీ దగ్గర ఎండలో పెట్టాను. తడి లేకుండా చూసుకుని నింపండి.

అన్నట్టు, పోయినేడు మీరు చేసిన ఆ రాయిని పారేశానని చెప్పాను కదా. పారెయ్యలేదు. రోజూ కాస్త వేడినీళ్ళలో కరిగించుకుని నేనే తాగేశాను. బాగానే ఉండేది.