జీడి అంటిన చేతులు

ఖరగ్‌పూరు,
బుధవారం మధ్యాహ్నం

అమ్మకు,

నీలవేణి దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ అల్లుడు, పాప కులాసాగానే ఉన్నాం. నీ మోకాళ్లు, నాన్న దగ్గు, అప్ప పిల్లలు ఎలా ఉన్నదీ తెలియక మనసు అక్కడే తిరుగుతోంది. ఎవరి సంగతి వాళ్లది విడిగా రాయించు. అప్ప చేతికి కలం ఇస్తే "అందరం బాగున్నాం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. చెల్లెలు దూరంగా ఉంది కదా, నాలుగు మాటలు రాద్దాం అని ఉండదు.

అప్పా, ఇది నువ్వే చదివి అమ్మకి వినిపిస్తావని తెలుసు. బావ చేత చదివించకు. మధ్యలో నీకు నచ్చనివి మింగెయ్యకు. ఎలా రాశానో అలాగే చదువు.

ఇక్కడ చలి ఇంకా పోలేదు. మన వైపు చలి అంటే తెల్లవారుజామున మంచు, ఎండ ఎక్కితే సరి. ఇక్కడ పొద్దెక్కినా గచ్చు మీద అడుగు పెడితే పాదాలు జిల్లుమంటాయి. రేషనులో బియ్యం తక్కువ, గోధుమలు ఎక్కువ ఇస్తున్నారు. రొట్టెలు చేయడం నేర్చుకున్నాను. ఒక్కరోజు కూడా గుండ్రంగా రాలేదు, ఆయన అవే తింటారు. వంటకి అందరూ ఆవనూనె వాడతారు. మొదట్లో ఆ వాసనకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేదాన్ని, ఇప్పుడు అలవాటైపోయింది. ఎవరైనా ఇటు వస్తుంటే నాలుగు కొబ్బరికాయలు, కాసిని ఎండు చేపలు పంపించు. ఎండు చేపలు మాత్రం గట్టిగా మూట కట్టు. పోయినసారి తెచ్చినాయన్ని రైలుపెట్టెలో అందరూ తిట్టారట.

సైరను కూయగానే ఆయన వర్కుషాపుకి వెళ్లిపోతారు. ఇక సాయంత్రం దాకా నేనూ, పాపా. ఈ క్వార్టర్ల లైనులో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, మాటకి కొదవ లేదు. అయినా ఒంటరిగానే ఉంటుంది. ఎందుకో ఈ ఉత్తరంలో రాస్తాను, నువ్వు కంగారు పడకు. మేం బాగానే ఉన్నాం.

పాప పాలు బాగా తాగుతోంది. ముక్కు నాన్నది. నవ్వితే మాత్రం అచ్చం నువ్వే, పెదవి ఒకవైపే లేస్తుంది. డాక్టరమ్మ రైలు ప్రయాణం వద్దనడంతో కాన్పుకి నేను అక్కడికి రాలేకపోయాను, నువ్వు వస్తావని ఎదురు చూశాను. నువ్వు ఆవు ఈనేలా ఉందని రాయించావు. తరవాతి ఉత్తరంలోనూ ఆవు ఈనేలాగే ఉంది. అమ్మా, నా కూతురు బోర్లా పడే రోజులు వస్తున్నాయి, ఆ ఆవు ఇంకా ఈనలేదా?

అసలు సంగతి అప్ప నాకు రాసేసింది. అప్పని తిట్టకు. నువ్వన్న మాట ఉన్నదున్నట్టు రాసింది. "నానెల్తే లైనులో ఆడోలందరూ సూడ్డానికి వత్తారు. నా సేతులు సూత్తారు. పిల్లకి నామర్దా. అక్కడ దాని బతుకేదో అది బతుకుతంది, నానెందుకు మజ్జిలో?" అన్నావట. అది చదివి ముందు కోపం వచ్చింది, తరవాత ఏడుపు వచ్చింది. నీ చేతుల్లాంటివే కదమ్మా నావీ.

తోటలో పని లేని రోజుల్లో నువ్వు పలాసలో జీడిపిక్కల బట్టీకి వెళ్లేదానివి. నీ వెనక అప్ప, అప్ప వెనక నేను. కాల్చిన పిక్కని రాయి మీద పెట్టి కర్రసుత్తితో కొడితే పెంకులోంచి చిమ్మే జీడి నూనె, ఎంత బూడిద రాసుకున్నా అరచేతుల్ని తినేసేది. తోలు ఊడి, నల్లబడి, మళ్లీ ఊడేది. అక్కడ దాన్ని ఎవరూ పట్టించుకోరు. బట్టీలో అందరి చేతులూ అవే. టెక్కలి సంతలో గాజులు వేయించుకుంటుంటే గాజులాయన నా చెయ్యి తిప్పి చూసి "పిక్కలు కొడతావేటమ్మా?" అనేవాడు, గాజు ఎక్కించేవాడు, అంతే. సిగ్గు అన్నది నాకు ఈ ఊళ్లోనే పరిచయమైందనుకున్నాను.

నీకు ఇన్నాళ్లూ చెప్పని సంగతి ఒకటుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఎదురింటి కామేశ్వరమ్మ గారి అమ్మాయికి పెళ్లి కుదిరింది. వాళ్లది రాజమండ్రి వైపు, వాళ్లాయన రైల్వేలో గుమస్తా. పసుపు దంచడానికి ముత్తయిదువల్ని పిలుస్తూ ఆవిడ మా ఇంటికీ వచ్చి బొట్టు పెట్టారు. నా పెళ్లిచీర కట్టుకుని వెళ్లాను. రోలు చుట్టూ చేరి పాట పాడుతున్నారు. నా వంతు వచ్చింది, రోకలి అందుకోబోయాను. కామేశ్వరమ్మ గారి అత్తగారు నా అరచెయ్యి చూసి పాట ఆపేసింది.

"ఏమిటమ్మా ఆ చేతులు? ఏదైనా జబ్బా?" అంది.

కామేశ్వరమ్మ గారు గాభరా పడి, "జబ్బేం కాదండీ, పెళ్లికి ముందు జీడిపప్పు పని చేసేదట" అన్నారు.

పెద్దావిడ "అలాగా" అని నన్ను చూసి నవ్వింది కూడా. "శుభకార్యం కదా, రోకలి వేరేవాళ్లు పట్టుకుంటారులే. నువ్వు కూర్చో తల్లీ, అక్షింతలు కలుపుదువుగాని" అంది. అక్షింతలు కలపాలన్నా చేతులే కావాలి కదా. కాసేపటికి అవీ ఎవరో కలిపేశారు. తాంబూలం మాత్రం అందరికన్నా ముందు నాకే ఇచ్చారు.

వాళ్లు చెడ్డవాళ్లైతే బాగుండేదమ్మా. నాలుగు తిట్లు తిట్టుకుని మర్చిపోయేదాన్ని. పిలిచారు, కూర్చోబెట్టారు, పసుపు కుంకుమ ఇచ్చి పంపారు. ఎవరి మీద కోప్పడాలో తెలియక నా మీద నేనే కోప్పడ్డాను.

ఆ రోజు నుంచి నా చేతులు కొంగు కిందే ఉంటున్నాయి. కుళాయి దగ్గరికి అందరూ వెళ్లాక వెళ్తాను. కొట్టువాడు చిల్లర ఇవ్వబోతే సంచీ నోరు తెరిచి అందులో వెయ్యమంటాను. జీడి ముట్టి రెండేళ్లు దాటింది. నలుపు ఎప్పుడో పోయిందంటారు ఆయన. ఓ ఆదివారం పెరట్లో ఎండలోకి లాక్కెళ్లి, "సూడు, గీతలు కూడా కనబడతన్నాయి" అని చూపించారు. ఆయనకి గీతలు కనబడ్డాయి. నాకు నలుపే కనబడింది. నా చేతుల్ని నేను నా కళ్లతో చూసుకుంటున్నానో, ఆ పెద్దావిడ కళ్లతో చూసుకుంటున్నానో నాకే తెలియడం లేదు.

నువ్వు రాలేదని కామేశ్వరమ్మ గారే రోజూ వచ్చి, కాళ్లు చాపుకుని పాపని కాళ్ల మీద పడుకోబెట్టి, నూనె రాసి నీళ్లు పోస్తున్నారు. ఆవిడ మేలు ఈ జన్మలో మర్చిపోలేను. మొదటిరోజే, "నీ చేతులు గరుకమ్మా, పసి ఒళ్లు గీరుకుంటుంది, నేను చూసుకుంటాలే" అన్నారు. బాలింతకి శ్రమ తప్పించాలనే అన్నారేమో. నేను మాత్రం ఆ మాట వదిలిపెట్టలేకపోయాను. పాలివ్వడానికి తీసుకున్నా పాత చీరముక్క అడ్డం పెట్టుకునే పాపని ఎత్తుకుంటున్నాను. మొన్న ఆయన చూసి, "ఏటే నీలా, మసిగుడ్డతో ఏడి గిన్ని దించినట్టు పిల్లనలా పట్టుకున్నావేటి?" అన్నారు. నవ్వించడానికే అన్నారు. నేను నవ్వలేదు, ఆయనా నవ్వలేదు.

ఇప్పుడు రాయబోయేది కాస్త నెమ్మదిగా చదువు అప్పా.

నిన్న పాప నీళ్లు పోసుకుని నిద్రపోతోంది. ఇంట్లో ఎవరూ లేరు. చీరముక్క పక్కన పెట్టి చెంప నిమురుదామని చెయ్యి చాపాను. చెయ్యి దానంతటదే తిరగబడింది. వేళ్ల వెనకవైపుతో నిమిరాను. నిమురుతూనే ఉలిక్కిపడ్డాను. ఆ నిమరడం నీది. మాకు జ్వరమొస్తే నువ్వు చెయ్యి తిప్పే నుదురు చూసేదానివి. తల దువ్వి జడ వేశాక చెంప మీద వేళ్ల వెనకవైపే రాసేదానివి. పలాస స్టేషనులో రైలు కదులుతుంటే కిటికీలోంచి నా ముఖం మీద తగిలిందీ అదే. మన ఇంట్లో ముద్దు చేయడం అంటే అంతే అనుకున్నాను. వేరే ఇళ్లలో అమ్మలు అరచేత్తో నిమురుతుంటే, వీళ్లకి పిల్లల్ని ముద్దు చేయడం రాదు పాపం అనుకునేదాన్ని. అప్పా, నీ పిల్లల్ని నువ్వూ అలాగే నిమురుతావు. ఎప్పుడైనా చూసుకున్నావా?

మాకు గుచ్చుకుంటాయనే కదమ్మా చెయ్యి తిప్పావు? నీ అరచేతులు మా ఒంటికి పనికిరావని ఎవరు చెప్పారు నీకు? మేము చెప్పలేదు. ఆ చేతులతో వండిపెట్టిందే తిన్నాం. ఏ ఊళ్లో, ఎవరింట్లో, ఏ పెద్దావిడ నీ చేతుల్ని అలా చూసిందో నువ్వెప్పుడూ చెప్పలేదు. సిగ్గు నాకు ఇక్కడ పరిచయమైందనుకున్నాను చూడు, అది తప్పు. నేను పుట్టేటప్పటికే మన ఇంట్లో ఉంది. దాన్ని ప్రేమ అనుకుని పెరిగాను. ప్రేమే, కాదనను. కానీ దాంట్లో సగం భయమని నిన్నే తెలిసింది.

నా కూతురికి ఇది అంటనివ్వనని గొప్పగా రాయాలని ఉంది. రాయలేను. ఈ పొద్దున మళ్లీ ప్రయత్నించాను. చెయ్యి తిప్పకుండా చెంప దాకా తీసుకెళ్లాను. అక్కడ ఆగిపోయింది. పాప నన్నే చూస్తోంది. దానికేం తెలుసు, ఏ చెయ్యి ఎలా ఉంటే దానికేం? అయినా నాకు ధైర్యం చాలలేదు. అందుకే నువ్వు రావాలి. నీళ్లు పోయడానికి కాదు, పథ్యం వండడానికి కాదు. లైనులో అందరూ చూస్తారు, చూడనీ. నేను నీ పక్కనే కొంగు తీసేసి నిలబడతాను. ఒక్కదాన్నే నిలబడలేను, ఇద్దరం ఉంటే నిలబడగలననిపిస్తోంది.

నాన్నకి, మావకి, అత్తకి, వీధిలో పెద్దలందరికీ నా దండాలు చెప్పు. అప్ప పిల్లలకి నా ముద్దులు. ఇప్పుడక్కడ జీడితోటలన్నీ పూత మీద ఉంటాయి. మన ఉద్దానం గాలి తలుచుకుంటే ఇక్కడ ఉండబుద్ధి కాదు. బాగున్నాం, బెంగ పెట్టుకోకు.

వస్తావో రావో నీ ఇష్టం, నేను బలవంతం చెయ్యను. ఒక్క పని మాత్రం ఇప్పుడే చెయ్యి. అప్ప నీ పక్కనే కూర్చుని ఇది చదువుతోంది కదా. చెయ్యి తిప్పకుండా, నీ అరచేత్తో అప్ప చెంప నిమురు. అప్పా, నువ్వు కదలకు. ఎలా ఉందో నాకు వెంటనే రాయి. నాకు తెలియదు.

నీ దీవెన కోసం కాచుకున్న
చిన్నకూతురు,
నీలవేణి