ముట్టుకోకూడని ప్యాకెట్

గురువారం రాత్రి, కూరెకుప్ప

స్నానం చేసినా ముక్కులో ఇనుపగని ఎర్రదుమ్ము పోలేదు. లారీలు తూచే వేబ్రిడ్జి కంప్యూటర్ ఎందుకు మాటిమాటికీ ఆగిపోతోందో ఇవాళ్టికి దొరికింది. లారీ బరువు మోసుకొచ్చే డేటా ప్యాకెట్ మెమరీలో ఒకేచోట ఉంటుందనుకుని, కంప్యూటర్ని లోపలినుంచి నడిపే కెర్నెల్లో నేను రాసిన కోడ్ చదివేస్తోంది. అది ముక్కలుగానూ వస్తుంది. కావలసినంత ఒకేచోట ఉందా అని ముందు అడిగి, ఆ తర్వాతే చదవాలి. ఈ ఒక్క లైను కోసం వారమంతా సరిగా నిద్ర లేదు.

బరువులు స్క్రీన్ మీద కదలగానే మేనేజర్ బసప్ప నా భుజం తట్టాడు.

"చదివేకి వచ్చినాక మార్చేకి రాదేమప్పా? ఈ లెక్క చెక్‌పోస్టుకు పోయేలోపల బరువు స్వల్ప తగ్గించు. ఓవర్‌లోడని ఎవరూ ఆపరు."

"కాదు సార్. ఆ ప్యాకెట్ మన ఒక్కరిదే కాదు, కెర్నెల్లో ఇంకా వేరేవాళ్ల చేతిలో కూడా ఉండాది. ముట్టుకుంటే మిషన్ మళ్లీ పడుకుంటాది," అన్నాను.

అబద్ధమేమీ కాదు. ఆ ప్యాకెట్‌కి మన కాపీ మనం తీసుకుని, దాన్ని మార్చుకోవచ్చన్నది మాత్రం చెప్పలేదు.

"సరే, మా బామ్మర్ది బెంగళూర్లో ఇదే పని చేస్తాండాడు, అడుగుతా," అని నవ్వాడు.

ఈ పనికి నేను చదివిన పుస్తకమే ఆ బామ్మర్దీ చదివి ఉంటాడు. ముట్టుకోకూడదని రాసిన పేజీకి తర్వాతి పేజీలోనే కాపీ సంగతి ఉంది.