మబ్బు కమ్మేలోగా

న్యూ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్

అమ్మా హైమా,

మీ అక్క నీలవేణి పెద్దకర్మకి నువ్వొచ్చినప్పుడు అందరి ముందూ అడగలేకపోయినాను.

రైల్వే పాసు మీద ఎప్పుడూ పలాసకే వచ్చేవాళ్లం. తన పోరు పడలేక, కిందటి చలికాలం డార్జిలింగ్ తీసుకెళ్లినాను. అక్కడ టాయ్ ట్రైన్ ఆగితే, ముప్పై ఏళ్ల వర్క్‌షాపు బుద్ధి పోతాదా, వంగి ఇంజను చక్రాలు చూస్తన్నాను.

"ఏవండీ, మంచుకొండ కనబడతంది, రండి!" అని అరిచింది.

"ఉండవే" అన్నాను.

నడుం ఎత్తేసరికి మబ్బు కమ్మేసింది. ఉన్న మూడు రోజులూ మరి కనబడలేదు. తను అలిగి నాకు చెప్పలేదు, రోషంతో నేనూ అడగలేదు. ఆ సాయంత్రం నీకు మాత్రం ఫోన్లో అరగంట చెప్పింది.

కొండ ఎలగుందన్నదో, తనన్న మాటల్లోనే నాకు రాయమ్మా.

మీ బావ