సిగ్నల్ ఓకే

జూన్ 3, సోమవారం

హెడ్ ఆఫీసు నుంచి లెటర్ వచ్చింది. అయిదో తారీఖు నుంచి పదిహేను దాకా మా స్టేషన్‌కి శ్రోతల ఫోన్‌కాల్స్ ఎన్ని వస్తాయో లెక్క రాసి పంపాలట. రెండు వందలు దాటకపోతే లోకల్ ప్రోగ్రాములు బంద్. సిటీ ప్రోగ్రామే ఇక్కణ్ణుంచి రిలే చేస్తారు. అంటే పొద్దున ఆరింటికి నా ప్రోగ్రాం ఉండదు. నేనూ ఉండను.

పదిహేడేళ్ళు ఆ మైకు ముందు కూర్చుని వాన కబుర్లు, కూరగాయల ధరలు, తప్పిపోయిన మేకల ఆనవాళ్ళు చదివాను. మేనేజర్ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, చూద్దాంలెండి అన్నాడు. ఆయనకేం, ట్రాన్స్‌ఫర్ చేయించుకుంటాడు.

జూన్ 5, బుధవారం, ఉ. 9.20

నిన్న సాయంత్రం గాలివాన. ఇవాళ స్టూడియో మెట్ల నిండా ఆకులు. కిటికీ రెక్క ఒకటి ఊడింది. కరెంటు ఉంది కదా, బతికాం అనుకున్నా.

మూడు గంటల్లో ఆరుసార్లు నంబరు చెప్పాను. ఒక్క కాల్ రాలేదు. ఫోన్ చెడిపోయిందేమోనని ఎత్తి చూశాను. నిక్షేపంలా ఉంది.

జూన్ 6

సున్నా.

జూన్ 7, శుక్రవారం

ఇవాళా సున్నాయే. నంబరు నెమ్మదిగా, రెండేసి అంకెలుగా, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పాను. గోడకి చెప్పినట్టుంది.

ఇంజనీరు గారు మోకాళ్ళ నొప్పులకి మందు తెచ్చుకోవాలని వెళ్తూ, లాగ్ బుక్‌లో సంతకం పెట్టమన్నారు. గంట గంటకీ కంట్రోల్ రూంలో చిన్న రేడియో పెట్టి, గుట్ట మీది ట్రాన్స్‌మిటర్ నుంచి మా ప్రోగ్రాం వస్తోందో లేదో విని, ‘సిగ్నల్ ఓకే’ అని రాయాలి. రూలు అది. ఆ రేడియోలో బ్యాటరీలు లేక ఎన్ని నెలలయిందో. ఆయన వారం మొత్తానికీ సోమవారమే రాసేస్తారు. ఈసారి మూడు గళ్ళు మిగిలిపోయాయట. హెడ్‌ఫోన్‌లో నా గొంతు నాకు చక్కగా వినిపిస్తూనే ఉంది కదా. పెట్టేశాను మూడు సంతకాలు.

జూన్ 9, ఆదివారం

మా అత్తయ్య రోజూ నా ప్రోగ్రాం వింటానంటుంది. ఇవాళ మొదటి పాట ఎలా ఉందని అడిగాను. చాలా బాగుందమ్మా అంది. ఏం పాట అంటే, స్టవ్ మీద పాలు పెట్టానని లోపలికి వెళ్ళిపోయింది.

స్టవ్ మీద పాలు లేవు. కిటికీలో ఆవిడ రేడియో సెట్టూ లేదు. ఎక్కడుందంటే, బీరువాలో పెట్టానంది. ఇంట్లో మనిషే వినడం లేదు. ఊళ్ళవాళ్ళని ఏమనుకుని ఏం లాభం. మనసు విరిగిపోయింది.

జూన్ 11, మంగళవారం, ఉ. 7.45, పాట నడుస్తోంది

నోరు జారాను. జారలేదు, కావాలనే అన్నాను. లైవ్‌లో.

పదిహేడేళ్ళు నాలుగింటికి లేచాను, జ్వరమొచ్చినా వచ్చాను, మీకు వేళ్ళు లేవా అని అడిగాను. మీ మేక పోతే నేను కావాలి, నా ఉద్యోగం పోతే మీకు పట్టదా అన్నాను. పనిలో పనిగా మా మేనేజర్ కుర్చీలో గురకపెడతాడని కూడా చెప్పాను. అద్దం అవతల ఇంజనీరు గారు టీ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయారు.

తిట్టడానికైనా ఒక్కళ్ళు ఫోన్ చెయ్యలేదు.

జూన్ 12, బుధవారం

ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు.

పదిన్నరకి బజారులో రేడియోలు బాగుచేసే ఆయన వచ్చాడు, రెండు గోనెసంచులతో. మేనేజర్ టేబుల్ మీద కుమ్మరించాడు. అన్నీ రేడియోలే. అరవై ఒకటి. ప్రతిదానికీ చీటీ కట్టి ఉంది. మిల్లు వాచ్‌మన్, పాల కేంద్రం, బడి వంటామె.

గాలివాన మర్నాటి నుంచీ జనం వరసగా తెస్తున్నారట, సెట్టు చెడిపోయిందని. విప్పాడు, తుడిచాడు, బ్యాటరీలు మార్చాడు. అన్ని స్టేషన్లూ వస్తున్నాయి, మాదొక్కటే రావడం లేదు. యాభై సెట్ల దాకా తన చేతినే అనుమానించాడట. చివరికి మమ్మల్నే అడుగుదామని వచ్చాడు, స్టేషన్ ఎప్పుడు మూసేశారని.

మేనేజర్ లాగ్ బుక్ తెరిచాడు. గంట గంటకీ సిగ్నల్ ఓకే. అందులో మూడు నావి. తల తీసేసినట్టయింది.

ఇంజనీరు గారితో నేనూ గుట్ట ఎక్కాను. ఆ మోకాళ్ళతో కూడా ఆయన ఎక్కడా ఆగలేదు. ట్రాన్స్‌మిటర్ గదిలో గాలివానకి మెయిన్ స్విచ్ పడిపోయి ఉంది. పైకి నెట్టారు. అంతే. ఆ ఒక్క స్విచ్ కోసం ఎనిమిది రోజులు మాలో మేమే మాట్లాడుకున్నాం. నిన్నటి నా తిట్లు ఎవరూ వినలేదు. హమ్మయ్య అనిపించింది. కాసేపటికి, ఆ మేనేజర్ ముక్కయినా వినుంటే బాగుండేదనీ అనిపించింది.

దిగొచ్చేసరికి మేనేజర్ హెడ్ ఆఫీసు ఫారం చూస్తున్నాడు. ఈ అరవై ఒక్క మందినీ లెక్కలో వెయ్యండి అన్నాను. కాల్స్‌కే గడి ఉందట, సెట్లకి లేదట. అరికాలి మంట నెత్తికెక్కింది. సెట్లు సంచుల్లోకి సర్దడం మొదలుపెట్టాను.

నాలుగోదో అయిదోదో, నీలం రంగుది, రబ్బరు బ్యాండు వేసి ఉంది. చీటీ మీద మా అత్తయ్య చేతిరాత. బాగుచేసే ఆయన చెప్పాడు, దుమ్ము దులుపుతుంటే కింద పడేసిందట, అందుకే పాడైందనుకుందట. రోజూ బజారుకొచ్చి, బాగైందా అని అడుగుతోందట. కోడలికి మాత్రం చెప్పొద్దందట, వినడం లేదని తెలిస్తే బాధపడుతుందని.

ఏడ్చాను. సంచి చాటున.

జూన్ 13, ఉ. 6.09

బజారాయన నిన్న రాత్రికే సెట్లన్నీ ఎవరివి వాళ్ళకి చేర్చేశాడు. మీ సెట్లు బాగానే ఉన్నాయి, చెడిపోయింది మేమే అని మైకులో చెప్పాను. నంబరు చెప్పాను.

మొదటి కాల్. ముసలి గొంతు, కావాలని బొంగురు చేసుకున్నట్టుంది. ఏదో దూరపు ఊరి పేరు చెప్పింది. వెనకాల మా కుక్కర్ విజిల్. నమస్కారమండీ, ఏ పాట కావాలండీ అని అడిగాను. ఆదివారం వేసిన మొదటి పాట వెయ్యమంది.

ఒకటి అని రాశాను. పెన్ను కింద పెట్టకముందే మళ్ళీ మోగింది. ఈసారి ఆవిడ గొంతు కాదు.