ఎడమ చెప్పుల అల్మారా

కార్యదర్శి గారికి,

మిషన్ ఆస్పత్రి నుంచి డాక్టరమ్మ నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం, రోగులు తప్ప.

పట్నంలో మన మిషన్ ఆఫీసుకి నేను ఉత్తరం రాశానంటే ఏదో అడుగుతానని మీకు తెలుసు కాబట్టి నాన్చకుండా అడిగేస్తున్నాను. మాకు తాళం ఉన్న పెద్ద అల్మారా కావాలి. మందులకు కాదు, చెప్పులకు. ఇక్కడివాళ్ళు కాస్త జ్వరం తగ్గితే చాలు, మిగతా సూదులూ మాత్రలూ మా మొహాన పడేసి పనికి పోతారు. అందుకని వైద్యం మొదలుపెట్టగానే ఎడమ చెప్పు మేము తీసేసుకుంటాం. చివరి సూది పడ్డాకే తిరిగి ఇస్తాం. ఈ పద్ధతి పెట్టింది మా వాచ్‌మన్. అందరూ అతన్ని చెప్పుల తాత అంటారు. ఉన్న అల్మారా నిండిపోయి, చెప్పులు కాన్పుల గది కిటికీ దాకా వచ్చేశాయి. నిన్న అప్పుడే పుట్టిన బిడ్డ నెత్తిన ఒకటి పడబోయింది. నర్సు చెయ్యి అడ్డం పెట్టకపోతే నా గుండె ఆగిపోయేది.

ఇవాళ పొద్దున్నే ముక్కులో చింతగింజ దూర్చుకున్న పిల్లాడొచ్చాడు. వాడి తర్వాత ఎద్దు పొడిచిన పెద్దమనిషి. ఆయన భార్య ఎద్దును కూడా వెంటబెట్టుకొచ్చింది, దాని కొమ్ము విరిగిందట. ఇద్దరికీ కట్లు కట్టాం.

ఇట్లు,
డాక్టరమ్మ

తా.క.: ఎంత కాపలా కాసినా కొందరు పారిపోతూనే ఉంటారు. వాళ్ళు వదిలేసినవి గోనెసంచిలో కట్టి ఈ ఉత్తరం తెచ్చే పాలవ్యానులోనే పంపుతున్నాను. అన్నీ ఎడమవే. వాళ్ళకి ఇక వీటితో పని లేదు. పట్నంలో ఎవరికైనా పనికొస్తాయేమో చూడండి.

*

డాక్టరమ్మ గారికి,

కార్యదర్శి కంగారుగా రాస్తున్న ఉత్తరం. అక్షరాలు కుదురుగా లేకపోతే మన్నించండి.

మీ ఉత్తరం మీద దారిలో పాలు ఒలికాయి. చదవడానికి మిగిలింది ఇంతే: “వైద్యం మొదలుపెట్టగానే ఎడమ”, తర్వాత మరక, “తీసేసుకుంటాం”, మళ్ళీ మరక, “ఈ పద్ధతి పెట్టింది మా వాచ్‌మన్.” తా.క. మాత్రం శుభ్రంగా ఉంది. అదే నా ప్రాణం తీసింది.

టీ తాగే వేళకి సంచి తెచ్చి బల్ల మీద విప్పించాను. చెప్పులు, అన్నీ ఎడమవే! వాటితో ఇక పని లేని మనుషులవి! ఒకటైతే నా అరచేయంత కూడా లేదు. మా టైపిస్టమ్మ “అయ్యో, పసివాడికి కూడానా!” అని కుర్చీలో కూలబడింది. ఎందుకో వంగి నా రెండు కాళ్ళూ తడిమి చూసుకున్నాను.

అమ్మా, నేను నెత్తురు చూడలేనివాణ్ణి. మీరు చేసిన పని పేరు రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు. ఇంతమందికి తప్పనిసరయ్యే చేశారా? వాళ్ళు ఒప్పుకున్నారా? అసలు వైద్యంలో వాచ్‌మన్‌కి ఏం పని?

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: చంకకర్రలు ఎన్ని పంపమంటారు?

మరో తా.క.: ఎడమవే ఎందుకు?

*

కార్యదర్శి గారికి,

మీరు ఇంత చిన్న విషయానికి ఇంత కలవరపడతారని అనుకోలేదు. పట్నంవాళ్ళకి ఇది మొరటుగా కనిపించవచ్చు, కానీ ఇక్కడ ఇది లేకపోతే గడవదు.

జ్వరమైనా, దగ్గయినా, కురుపైనా అందరికీ ఇదే పద్ధతి. ఒప్పుకోవడం ఏమిటండీ, అరుస్తారు, తిడతారు. తాత వాళ్ళని మాటల్లో పెట్టి చటుక్కున లాగేస్తాడు. నాకు చేతులు ఖాళీ ఉండవు కదా. పిల్లలు కాసేపు ఏడ్చి ఊరుకుంటారు. రోగికి లేకపోతే వెంట వచ్చినవాళ్ళది తీసుకుంటాం. మొదట్లో ఎవరికి తోచిన వైపు వాళ్ళం తీసేవాళ్ళం, అంతా కలగాపులగమైంది. అందుకే ఎడమ అని ఖాయం చేశాం. రెండూ తీసేద్దామని నర్సు అంది, నేనే మరీ అంత నిర్దయ వద్దన్నాను.

భయపడకండి. నయమయ్యాక ఎవరిది వాళ్ళకి ఇచ్చేస్తాం. మొన్న ఒక మామదీ అల్లుడిదీ తారుమారయ్యాయి. ఇంటికెళ్ళాక గానీ చూసుకోలేదట!

ఇట్లు,
డాక్టరమ్మ

తా.క.: చంకకర్రలు రెండు జతలు చాలు. మావాళ్ళు ఒక్క కుడిదానితోనే చెంగుచెంగున పోతారు.

మరో తా.క.: అల్మారా సంగతి మరవకండి. వానలు మొదలైతే వాసన భరించలేం.

*

డాక్టరమ్మ గారికి,

మీ ఉత్తరం చదివాక నా పై ప్రాణాలు పైనే పోయాయి. వాసనా! తారుమారా! తిరిగి ఇచ్చేస్తారా! ఏ జిగురుతో అతికిస్తారమ్మా?

ఇక ఉన్నమాట రాయక తప్పదు. దగ్గుకి కాలు తీసే వైద్యం ఏ దేశంలోనూ లేదు. వెంట వచ్చిన చుట్టాల కాళ్ళు కూడా తీసే ఆస్పత్రిని నేను పీడకలలో కూడా చూడలేదు. పైవాళ్ళ చేత మూసివేత ఉత్తర్వు మీద సంతకం చేయించాను. అది జేబులో పెట్టుకుని స్వయంగా వస్తున్నాను. నేను చేరేదాకా ఎవరి కాలూ ముట్టుకోకండి, మీకు పుణ్యముంటుంది.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: గేటు దగ్గర ఆ వాచ్‌మన్ ఉంటే నేను అటు రాను. వెనక గోడ దూకి వస్తాను.

*

కార్యదర్శి గారికి,

మీ ఉత్తరమూ మీరూ ఒకే పాలవ్యానులో వచ్చారు. మీరు పారిపోయాక గానీ దాన్ని విప్పలేదు. చదివి నేనూ నర్సూ తల పట్టుకున్నాం. మేము తీసింది చెప్పులండీ! ఉత్త చెప్పులు! మందు పూర్తి చెయ్యకుండా పారిపోతారని దాచిపెడతాం. మీ పాల మరక కింద ఉన్నది అదే.

మీకు ఏం జరిగిందో మీకే గుర్తుందో లేదో. గోడ దూకిన చోట ఊరకుక్క ఒకటి మీ పిక్క పట్టుకుంది. మేము గాయం సబ్బుతో కడిగి సూది వేస్తుంటే, తాత అలవాటు కొద్దీ మీ ఎడమ బూటు విప్పాడు. మీరు కెవ్వున అరిచి స్పృహ తప్పారు. తెలివి రాగానే వట్టి పాదం చూసుకుని, ఒంటి బూటుతో పరుగెత్తి కదులుతున్న వ్యానెక్కారు. మా పారిపోయే రోగుల్లో అంత జోరు ఎవరికీ లేదు.

ఇక నవ్వులాట కాదు. ఆ కుక్క చచ్చిపోయింది. అది పిచ్చికుక్క.

నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో తాత తమ్ముణ్ణి ఇలాంటి కుక్కే కరిచింది. రెండు సూదులు వేశాం. గాయం మానింది, ఇంకెందుకని ఇటుకబట్టీకి పనికి పోయాడు. తాత కూడా పోనిచ్చాడు. మళ్ళీ మోసుకొచ్చేసరికి గ్లాసెడు నీళ్ళు చూసి గజగజ వణుకుతున్నాడు. అప్పుడిక ఏ మందూ పనిచెయ్యదు. డాక్టర్ని అయ్యుండి నేను గుమ్మం పట్టుకుని ఏడుస్తూ నిలబడ్డాను. అతను పోయాక మంచం కింద చెప్పులు మిగిలాయి. తాత ఎడమదాన్ని చేతిలోకి తీసుకుని, “ఆ రోజు దీన్ని దాచేసినా నా తమ్ముడు బతికేవాడు డాక్టరమ్మా” అన్నాడు. మా పద్ధతి అలా మొదలైంది.

ఆస్పత్రి మూస్తే మూయండి. తర్వాత పోట్లాడతాను. ముందు మిగతా సూదులు వేయించుకోండి, ఒక్కటి కూడా మానకండి.

ఇట్లు,
డాక్టరమ్మ

తా.క.: మీ బూటు అల్మారాలో లేదు. తాత కూడా కనిపించడం లేదు. ఎంత వెతికినా జాడ లేదు, మీకేమైనా తెలిస్తే కబురు చెయ్యండి.

*

డాక్టరమ్మ గారికి,

ఎడమ కాలికీ కుడి కాలికీ బూట్లు తొడుక్కున్న కార్యదర్శి నమస్కారాలు.

తాత క్షేమమని పాలవ్యాను డ్రైవరుతో కబురు పంపాను గానీ, ఉత్తరం రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. తాత రాయనివ్వలేదు. “ముందే రాస్తే డాక్టరమ్మ జాలిపడి బూటు ఇచ్చెయ్యమంటుంది” అన్నాడు.

మీ ఉత్తరం కన్నా ముందే అతను మా ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు, చంకలో నా బూటుతో. టైపిస్టమ్మ బల్లెక్కేసింది. నేను బీరువా వెనక్కి దూరాను. అతను మాత్రం నెమ్మదిగా, “బాబూ, కుక్క చచ్చిపోయింది. పద” అన్నాడు. ఆ మాటకి నేను బీరువా వెనక నుంచి బయటికొచ్చాను. చెయ్యి పట్టుకుని పెద్దాసుపత్రికి నడిపించాడు.

ఆ రోజు నుంచి మా వరండాలోనే పడుకున్నాడు, తలకింద నా బూటు పెట్టుకుని. నేను ఒంటి బూటుతో మీటింగులకి వెళ్ళాను. ఏమిటిది అని మా ఆఫీసు పెద్దాయన అడిగితే, వైద్యం అన్నాను. ఒకసారి గాయం మానిపోయింది కదా, ఇక చాల్లే తాతా అని కూడా అన్నాను. తిట్టలేదు. బూటు ఒళ్ళో పెట్టుకుని దాని వంక చూస్తూ కూర్చున్నాడు. నేనే లేచి, పద అన్నాను.

ఇవాళ చివరి సూది పడింది. ఆస్పత్రి మెట్ల మీద తాత నా ముందు కూర్చుని, బూటు తొడిగి, లేసు కట్టాడు. కట్టాక కూడా నా పాదం వదల్లేదు. “మా తమ్ముడికి ఇట్లా తొడగలేకపోయాను బాబూ” అన్నాడు.

నెత్తురే కాదు, నేను కన్నీళ్ళు కూడా చూడలేనివాణ్ణని అప్పుడు తెలిసింది. ఇద్దరం ఆ మెట్ల మీదే కూర్చుని ఏడ్చాం. సూది అంత నొప్పి పెట్టిందా అని అక్కడి నర్సు కంగారుగా పరుగెత్తుకొచ్చింది.

కొత్త అల్మారా రేపటి పాలవ్యానులో వస్తుంది, తాత దాని పక్కనే కూర్చుని వస్తాడు.

ఇట్లు,
మీ రోగి

తా.క.: అల్మారా తెరవగానే ఒక ఎడమ చెప్పు కనిపిస్తే కంగారుపడకండి. టైపిస్టమ్మది. దగ్గు మందు మధ్యలో ఆపేసిందని తాతకి తెలిసిపోయింది.

మరో తా.క.: నెలరోజులు తాత తలకింద నలిగి నా ఎడమ బూటు కాస్త వదులైంది. మూసివేత ఉత్తర్వును నాలుగు మడతలు పెట్టి అందులో వేసుకున్నాను. ఇప్పుడు సరిగ్గా సరిపోయింది.