సాంబ్రాణి పొగ

శుక్రవారం, రాత్రి

బాబు నిద్రపోయాడు. ఊపిరిలో పిల్లికూతలు ఇంకా కొంచెం ఉన్నాయి.

పొద్దున ఆసుపత్రిలో డాక్టరమ్మ, "ఇంట్లో పొగ ఏమన్నా ఉండాదా?" అని అడిగింది. ఆయన లేదన్నారు. స్నానం చేయించిన ప్రతిసారీ అత్త బాబుకు సాంబ్రాణి పొగ పట్టిస్తుంది. ఆమె అక్కడ నా పక్కనే కూర్చుని ఉంది, నేను తల దించుకుని బాబు చొక్కా సర్దాను. డాక్టరమ్మ ఇన్‌హేలరు రాసిచ్చి, మాస్కు పెట్టి ఎలా పట్టాలో చూపించింది. ఊపిరికి డొక్కలు లోపలికి లాగితే వెంటనే తీసుకురమ్మంది.

సాయంత్రం నీళ్ళు పోశాక అత్త మళ్ళీ నిప్పులు తెచ్చింది. బాబును కొంగులో చుట్టుకుని, "వద్దత్తా, వాడికి పొగ పడదు" అన్నాను. పెళ్ళయ్యాక ఆమెకు ఎదురు చెప్పడం ఇదే మొదలు.

"నీ మొగుణ్ణి ఈ పొగలోనే పెంచినా కదమ్మా! దున్నపోతు మాదిరి ఉండాడు, చూడలేదా?"

నేను బాబును ఇవ్వలేదు. ఆమె నిప్పుల మీద నీళ్ళు పోసేసింది. రేపు మళ్ళీ తెస్తే ఆపగలనో లేదో...

ఇందాక గదిలోకి వెళితే, అత్త బాబు రొమ్ముకు చెవి ఆనించి వింటోంది. నన్ను చూసి, ఏమీ ఎరగనట్టు దుప్పటి సర్దింది.