కావాలని రాసే తప్పు

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఫొటో ముందు నిలబడి చెబితే ఇంట్లోవాళ్లు నవ్వుతారని రాస్తున్నాను.

మన సుమ జూన్‌లో కె.ఆర్.పురం దగ్గర ఒక బడిలో లెక్కల టీచరుగా చేరింది. నీలాగే రోజూ బోర్డు మీద కావాలని ఒక తప్పు రాసి, పిల్లలెవరైనా పట్టుకుంటారేమోనని ఆగేది. అందరూ నోరెత్తకుండా నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకునేవారు. చివరికి ఒక పిల్లవాడి తండ్రి హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికెళ్లి, "ఈ మిస్సుకే లెక్కలు రావు" అన్నాడు. ఉద్యోగం పోతుందేమోనని నాకు భయం పట్టుకుంది. "పెద్దమ్మ పద్ధతి మానేయవే" అన్నాను. వింటేనా!

నిన్న హెడ్‌మిస్ట్రెస్ వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. అయినా సుమ తప్పు రాసింది. కాసేపటికి ఒక పిల్ల లేచింది.

"మిస్, ఆడ తప్పుండాది. మైనస్ రావల్ల."

"టీచర్ని నేనా, నువ్వా?"

"మీరే మిస్. మీరు చెప్తే మాత్రం మైనస్ పోయి ప్లస్ అయితాదా?"

హెడ్‌మిస్ట్రెస్ పకపకా నవ్వి, ఆ తండ్రితో తానే మాట్లాడతానందట.

ఇంటి పద్దులు సరిచూసుకోవడానికే బడిలో లెక్కలు నేర్పుతారని ఇన్నాళ్లూ అనుకున్నాను. పెద్దవాళ్లు చెప్పినా సరే, తప్పును తప్పనడానికి భయపడకూడదని కూడా నువ్వు అందులోనే నేర్పేదానివన్నమాట.

ఇవాళ సుమ సరైన లెక్క రాసినా క్లాసంతా "తప్పు మిస్, తప్పు మిస్" అని ఒకటే అరుపులట. ఎక్కడ తప్పో చూపించమంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. నీ క్లాసులోనూ ఇంత గోల ఉండేదా అక్కా?